తెరుయెల్ కూడా ఉందండీ!

(అనంతపురంలో ఒక భూగోళశాస్త్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం.

స్పెయిన్ గురించి మాట్లాడతానంటే కొందరు పిల్లలు రియల్ మాడ్రిడ్ గురించా సార్, బార్సిలోనా గురించా అని అడిగారు. రెండూ కాదు. ఇక్కడున్న పెద్దవాళ్ళకి ఇంకో పేరు గుర్తొచ్చి ఉంటుంది. బార్సిలోనాలో పుట్టి, 1969లో అనంతపురం వచ్చి, ఇక్కడి మట్టిలోనే కలిసిపోయిన ఫాదర్ ఫెర్రర్. ఆయన పుణ్యమా అని మన పల్లెల్లో చిన్నపిల్లలకి కూడా స్పెయిన్ అని ఒక దేశం ఉందని తెలుసు. నేను చెప్పబోయేది మాత్రం స్పెయిన్ వాళ్ళే పెద్దగా పట్టించుకోని ఒక ప్రావిన్స్ గురించి. దాని పేరు తెరుయెల్. అక్కడి జనం 1999లో ఒక ఉద్యమం మొదలుపెట్టి, దానికి ‘తెరుయెల్ ఎక్సిస్తే’ అని పేరు పెట్టుకున్నారు. ‘తెరుయెల్ అనేది ఒకటుంది’ అని దాని అర్థం. అయ్యా, మేం కూడా ఉన్నాం అని చెప్పుకోడానికి జనం రోడ్డెక్కాల్సి వచ్చిందంటే ఆ కడుపుమంట ఏమిటో తెలుసుకోవాలి కదా.

ముందు ఎక్కడుందో చూద్దాం. మాడ్రిడ్‌కి తూర్పున, మధ్యధరా సముద్రం ఒడ్డునున్న వాలెన్సియాకి వాయవ్యంగా, జరగోజా నగరానికి దక్షిణంగా ఉంటుంది. స్పెయిన్‌లో 17 స్వయంపాలిత ప్రాంతాలు, వాటి కింద 50 ప్రావిన్సులు ఉన్నాయి. మన లెక్కలో రాష్ట్రం, జిల్లా అనుకోండి. ఒకప్పుడు సొంత రాజులతో ఒక వెలుగు వెలిగిన ఆరగోన్ ఇప్పుడు అలాంటి ఒక ప్రాంతం. అందులో మూడు ప్రావిన్సులు: ఉయెస్కా, జరగోజా, తెరుయెల్. ఈ ప్రావిన్సుల విభజన 1833లో హవియెర్ దె బుర్గోస్ అనే మంత్రి హయాంలో జరిగింది. ఆయన గీసిన గీతలు చిన్న చిన్న మార్పులతో నేటికీ నడుస్తున్నాయి. మనమేమో జిల్లాలు విడగొట్టడం, పేర్లు మార్చడం పదేళ్ళకోసారి చేస్తాం, అది వేరే సంగతి.

తెరుయెల్ వైశాల్యం దాదాపు 14,800 చదరపు కిలోమీటర్లు. మన ఉమ్మడి అనంతపురం జిల్లా 19,130. అంటే మన ఉమ్మడి జిల్లాలో ముప్పావు వంతు కన్నా కాస్త పెద్దది. 2011 లెక్కల ప్రకారం మన ఉమ్మడి జిల్లా జనాభా 40 లక్షల పైమాట. మరి తెరుయెల్ జనాభా ఎంతో ఊహించండి. ఎవరో పది లక్షలన్నారు. కాదు. ఎంతో కాదు, లక్షా ముప్పై అయిదు వేల చుట్టూ. మొత్తం ప్రావిన్స్ కలిపినా ఈ ఊరి జనాభాలో సగం. చదరపు కిలోమీటరుకి 9 మంది. అందులోనూ 36 వేల మంది ఒక్క తెరుయెల్ పట్టణంలోనే ఉంటారు, ఇంకో 16 వేల మంది అల్కన్యీస్‌లో. ఆ రెండూ తీసేస్తే మిగిలిన పల్లెల సంగతి మీరే లెక్కేసుకోండి. 236 మున్సిపాలిటీలున్నాయి, వాటిలో చాలావాటికి వంద మంది జనం కూడా లేరు. మున్సిపాలిటీ అంటే అక్కడ ఊరే. ప్రతి ఊరికీ ఒక మేయర్ ఉంటాడు.

ఈ అంకెలు చెప్పగానే ఎవరైనా అనే మాట ఒకటే: అక్కడేముందండీ, కొండలు, రాళ్ళు, చలి, అందుకే జనం వెళ్ళిపోయి ఉంటారు అని. నేనూ పాఠం చెప్పేటప్పుడు వాతావరణం, నేల, జనసాంద్రత అని అదే వరసలో చెబుతాను, సిలబస్ అలా ఉంది కాబట్టి. కానీ 1910 ప్రాంతంలో అదే నేల మీద, అదే చలిలో రెండున్నర లక్షల మందికి పైగా బతికారు. వందేళ్ళలో నేల మారలేదు. ఇప్పుడు చలి ఆ మాత్రం కూడా లేదు. మారింది వేరే. నీళ్ళు, ఇనుము, కరెంటు, మనుషులు, అన్నీ అక్కడి నుంచి బయటికి పోయే దారులే పడ్డాయి. లోపలికి వచ్చే దారులు పడలేదు. ఈ సంగతి నేలతోనే మొదలుపెడతాను.

తెరుయెల్ అంటే ఎత్తు. పట్టణమే సముద్ర మట్టానికి 915 మీటర్ల ఎత్తున ఉంది. చుట్టూ ఐబీరియన్ పర్వతాలు, గూదార్, హవలాంబ్రే, అల్బర్రాసిన్ కొండలు. కొన్ని శిఖరాలు రెండు వేల మీటర్లు దాటతాయి. ఈ కొండలే స్పెయిన్‌కి నీళ్ళ ట్యాంకు. ఐబీరియా ద్వీపకల్పంలో అన్నిటికన్నా పొడవైన నది తాహో, ఇంగ్లీషు పుస్తకాల్లో టేగస్ అని ఉంటుంది, ఫ్రీయాస్ దె అల్బర్రాసిన్ అనే ఊరి దగ్గర పుడుతుంది. అక్కడ బయలుదేరి, వెయ్యి కిలోమీటర్ల పైన పడమటికి నడిచి, పోర్చుగల్‌లో లిస్బన్ దగ్గర అట్లాంటిక్‌లో కలుస్తుంది. అవే కొండల్లో పుట్టిన ఇంకో ఏరు గువాదలావియార్ తూర్పుకి వచ్చి, తెరుయెల్ పట్టణం దగ్గర అల్ఫాంబ్రాతో కలిసి తూరియా అయి, వాలెన్సియా తోటలకి నీళ్ళిచ్చి మధ్యధరాలో కలుస్తుంది. వాలెన్సియా నారింజలకి అంత పేరు వచ్చిందంటే అందులో ఈ కొండల నీటికి కూడా వాటా ఉంది. మూడోది హిలోకా, అది ఉత్తరానికి పోయి చివరికి ఎబ్రోలో కలుస్తుంది. పడమరకొకటి, తూర్పుకొకటి, ఉత్తరానికొకటి. పుట్టినింట్లో ఏదీ నిలవదు.

ఇక చలి. హిలోకా లోయలో కలమోచా అనే ఊరుంది. 1963 డిసెంబరు 17న అక్కడ మైనస్ 30 డిగ్రీలు నమోదైంది. స్పెయిన్‌లో జనం ఉండే చోట నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రతల్లో ఇదొకటి. కారణం ఎత్తు మాత్రమే కాదు. చుట్టూ కొండలు, మధ్యలో పళ్ళెం లాంటి లోయ. గాలి లేని రాత్రి బరువైన చల్లగాలి కొండల మీంచి జారి వచ్చి అడుగున చేరుతుంది, పోయే దారి ఉండదు. 2021 జనవరిలో ఫిలొమేనా అనే మంచుతుఫాను వచ్చినప్పుడు కూడా ఇదే ప్రావిన్స్‌లో బెల్యో అనే పల్లెలో మైనస్ 25.4 పడింది. మనకి లంబసింగిలో సున్నా పడితేనే కార్లేసుకుని పోతాం.

అయితే ప్రావిన్స్ అంతా ఇలాగే ఉండదు. ఈశాన్యాన బాహో ఆరగోన్ అనే భాగం పల్లం. అక్కడ ఆలివ్ తోటలు, బాదం, పీచ్ పళ్ళు పండుతాయి. తూర్పు అంచున మతర్రాన్యా ప్రాంతంలో జనం ఇంట్లో మాట్లాడేది కాటలన్ భాష. కలందా పీచ్ పండు గురించి ఒక్క నిమిషం చెప్పాలి. పిందె కాస్త ఎదగగానే, చెట్టు మీదే, ఒక్కో పండుకి ఒక్కో కాగితం సంచి తొడిగి మూతి కడతారు. ఒక్కో చెట్టుకి వందల సంచులు, అన్నీ చేత్తోనే. పురుగు పట్టదు, మందు అంటదు, పండు సంచిలోనే పసుపురంగు తిరిగి సెప్టెంబరు, అక్టోబరులో కోతకొస్తుంది. మామిడికాయలకి కవర్లు కట్టడం ఈ మధ్య మన దగ్గరా మొదలైంది కాబట్టి ఆ పనిలో ఎంత ఓపిక కావాలో మీకు తెలుసు.

చరిత్రలోకి వస్తాను. తెరుయెల్ పక్కనే అల్బర్రాసిన్ ఉంది. ఎర్ర జిప్సం గోడలతో, కొండ అంచున వేలాడుతున్నట్టు కనిపించే చిన్న ఊరు. ఇప్పుడు వెయ్యి మంది ఉంటారు. 11వ శతాబ్దంలో మాత్రం అదొక రాజ్యానికి రాజధాని. బానూ రజీన్ అనే బెర్బర్ వంశం ఏలింది. తర్వాత అసగ్రా అనే క్రైస్తవ ప్రభువుల చేతికొచ్చింది. వాళ్ళు అటు కాస్తీల్‌కీ ఇటు ఆరగోన్‌కీ తల వంచకుండా వందేళ్ళకి పైగా నెట్టుకొచ్చారు. 1284లో ఆరగోన్ రాజు ముట్టడించి తీసుకున్నాడు. ఊరి చుట్టూ కొండ మీద పాకే ఆ కోటగోడ చూస్తే ఇంత చిన్న ఊరికి ఇంత పొగరేమిటి అనిపిస్తుంది.

తెరుయెల్ పట్టణాన్ని ఆరగోన్ రాజు రెండో అల్ఫొన్సో 1171లో స్థాపించాడు. అప్పటికి దక్షిణాన వాలెన్సియా ముస్లింల ఏలుబడిలో ఉంది, కాబట్టి ఇది సరిహద్దు ఊరు. ప్రాణాలకి తెగించి సరిహద్దులో కాపురం పెట్టేవాళ్ళు ఊరికే రారు కదా. రాజు 1177లో ప్రత్యేక హక్కుల శాసనం ఇచ్చాడు. అంటే ఆ రోజుల్లో జనం లేని చోటికి జనాన్ని రప్పించాలంటే ఏం చేయాలో పాలకులకి బాగా తెలుసు.

క్రైస్తవులు ఈ ప్రాంతం గెలిచాక ముస్లిం పనివాళ్ళు వదిలి పోలేదు. ఇటుకపని, వడ్రంగం వాళ్ళ చేతుల్లోనే ఉండేవి. చర్చి కట్టమంటే వాళ్ళకి తెలిసిన పద్ధతిలో కట్టారు. ఆ శైలిని ముదేహార్ అంటారు. తెరుయెల్ ముదేహార్ కట్టడాలకి 1986లో యునెస్కో గుర్తింపు వచ్చింది. సాన్ మార్టిన్ గోపురం, ఎల్ సల్వదోర్ గోపురం వీధి మీద నిలబడి ఉంటాయి, వాటి అడుగున కమాను లోంచి జనం నడిచి పోతుంటారు. పైకి చర్చి గంటల గోపురమే, లోపల నిర్మాణం మాత్రం మసీదు మినార్‌ది. ఒక గోపురం లోపల ఇంకో గోపురం, రెంటి మధ్య సందులో మెట్లు. బయట ఇటుక మీద ఇటుక పేర్చి వేసిన అల్లికలు, మధ్యమధ్యలో ఆకుపచ్చ, తెలుపు మెరుగు పలకలు.

కథీడ్రల్ లోపల చెక్క పైకప్పు ఇంకా గొప్పది. 32 మీటర్ల పొడవు, 13వ శతాబ్దం చివరిది. దాని మీద గుర్రాల మీద వీరులు, వాద్యగాళ్ళు, జంతువులు, వాటితో పాటు రంపం, బాడిత పట్టుకుని పనిచేస్తున్న వడ్రంగులు. రాజుల కాలంలో పనివాడి బొమ్మ పైకప్పుకి ఎక్కడం చిన్న విషయం కాదు. తర్వాతి తరాలకి ఇది పాతకాలపు సరుకులా అనిపించి, దాని కింద సున్నంతో ఇంకో కప్పు కట్టి మూసేశారు. అలా మూసేయడం వల్లే రంగులు బతికాయి. ఆ పైకప్పు చేసిన ముస్లిం పనివాళ్ళ సంతతిని మాత్రం 1609, 1610లో రాజాజ్ఞతో స్పెయిన్ నుంచే వెళ్ళగొట్టారు. ఆరగోన్ మొత్తం మీద ఎన్నో ఊళ్ళు ఒక్కసారిగా పడావుపడ్డాయి. జనాన్ని పంపించేయడం ఇక్కడ నిన్నా మొన్నా మొదలైంది కాదు.

తెరుయెల్ ప్రేమికుల కథ కూడా చెప్పకపోతే అక్కడి వాళ్ళు నన్ను క్షమించరు. దియేగో, ఇసబెల్. 13వ శతాబ్దం మొదట్లో జరిగిందంటారు. పిల్ల తండ్రి ధనవంతుడు, అబ్బాయికి ఆస్తి లేదు. అయిదేళ్ళు గడువు పెట్టుకుని సంపాదించుకొస్తానని వెళ్ళాడు. గడువు దాటాక వచ్చేసరికి ఆ పిల్లకి పెళ్ళయిపోయింది. ఒక్క ముద్దు అడిగాడు, పరాయివాడి భార్యనని ఆమె ఒప్పుకోలేదు, అక్కడికక్కడే ప్రాణం వదిలాడు. మర్నాడు శవం దగ్గరికొచ్చి ఆ ముద్దు పెట్టి ఆమె కూడా ఒరిగిపోయింది. 1555లో సాన్ పెద్రో చర్చిలో దొరికిన రెండు దేహాలు వీళ్ళవేనని ఊరంతా నమ్మింది. ఇప్పుడు వాటిమీద హువాన్ దె అవలోస్ అనే శిల్పి చెక్కిన పాలరాతి లాంటి తెల్లరాతి సమాధులున్నాయి. రెండు బొమ్మలూ పడుకుని ఒకరి వైపొకరు చేతులు చాపి ఉంటాయి, వేళ్ళు మాత్రం తగలవు. నిజమా కట్టుకథా అని పండితులు ఎంతకాలంగానో తగువులాడుతూనే ఉన్నారు. ఊరు మాత్రం 1997 నుంచి ఏటా ఫిబ్రవరిలో ఇసబెల్ పెళ్ళి పేరుతో ఉత్సవం చేసి వేలమందిని రప్పించుకుంటోంది. తెలివైన పని.

ఇప్పుడు కష్టమైన భాగం. 1936లో స్పెయిన్‌లో అంతర్యుద్ధం మొదలైంది. ఒకవైపు ఎన్నికైన రిపబ్లిక్ ప్రభుత్వం, మరోవైపు జనరల్ ఫ్రాంకో. తెరుయెల్ ఫ్రాంకో చేతిలో ఉంది. ఫ్రాంకో మళ్ళీ మాడ్రిడ్ మీదికి రాబోతున్నాడని తెలిసి, అతని దృష్టి మళ్ళించడానికి రిపబ్లిక్ సైన్యం 1937 డిసెంబరు 15న తెరుయెల్ మీద పడింది. ఆ శతాబ్దపు దారుణమైన చలికాలాల్లో అదొకటి, మైనస్ 18, 20 దాకా పోయింది. తుపాకి గుండు కంటే చలి ఎక్కువమందిని మంచాన పడేసింది. వేళ్ళు, పాదాలు నల్లబడి కోసేయాల్సి వచ్చింది. ఊళ్ళో ఇంటింటికీ, గోడ గోడకీ యుద్ధం. 1938 జనవరి 8 నాటికి లోపలి దళం లొంగిపోయింది. ఆ యుద్ధం మొత్తంలో రిపబ్లిక్ గెలుచుకున్న ప్రావిన్స్ రాజధాని ఇదొక్కటే. ఆ గెలుపు ఆరు వారాలు నిలిచింది. ఫిబ్రవరి 22న ఫ్రాంకో తిరిగి తీసుకున్నాడు. రెండు వైపులా కలిపి చనిపోయినవాళ్ళు, గాయపడ్డవాళ్ళు, చలికి చెడిపోయినవాళ్ళు లక్ష దాటారని అంచనా. అక్కడ గెలిచిన ఊపుతో ఫ్రాంకో సైన్యం ఏప్రిల్ మధ్యకల్లా మధ్యధరా తీరం చేరి రిపబ్లిక్‌ని రెండు ముక్కలు చేసింది. మాడ్రిడ్‌ని కాపాడడానికి ఎంచుకున్న చోటు కాబట్టి ఊరు నేలమట్టమైంది. తెరుయెల్ ప్రజల్ని ఎవరూ అడగలేదు.

యుద్ధం 1939లో ముగిసిందని పుస్తకాలు రాస్తాయి. ఈ కొండల్లో ముగియలేదు. 1940ల్లో మాకీలు అనే గెరిల్లాలు అడవుల్లోంచి ఫ్రాంకో మీద పోరాడుతూనే ఉన్నారు. ఈ ప్రాంతంలో ఊరికి దూరంగా, పొలం మధ్యలో ఒంటిగా ఉండే ఇళ్ళుంటాయి, వాటిని మాసియా అంటారు. ఒక కుటుంబం, పశువులు, ధాన్యపు కొట్టు, రొట్టెల పొయ్యి, అన్నీ ఒక్కచోటే. రాత్రిపూట గెరిల్లాలు వచ్చి అన్నం అడుగుతారు, పెట్టకపోతే వాళ్ళతో భయం. పెడితే పొద్దున్నే సివిల్ గార్డు, అంటే ప్రభుత్వ పోలీసు, వచ్చి కొడతాడు. 1947లో కొత్త గవర్నర్‌గా వచ్చిన జనరల్ పిసర్రో ఏకంగా మాసియాలనే ఖాళీ చేయించాడు. రైతులు తాళాలు అప్పగించి ఊళ్ళకి పోవాలి. అలా ఊరికి పోయినవాడు కొన్నాళ్ళకి వాలెన్సియా పోయాడు, బార్సిలోనా పోయాడు. ఇప్పటికీ ఆ కొండల్లో నడిస్తే కప్పు కూలిన మాసియాలు కనిపిస్తూనే ఉంటాయి. ఇది వాతావరణం చేసిన పని కాదు కదా?

తర్వాత ఇనుము కథ. ఓహోస్ నేగ్రోస్ అనే ఊళ్ళో ఇనుప గనులు. 20వ శతాబ్దం మొదట్లో ఉత్తర స్పెయిన్‌లోని బాస్క్ ప్రాంతపు పెట్టుబడిదారులు వాటిని తీసుకుని, అక్కడి నుంచి వాలెన్సియా తీరంలో సగుంతో రేవు దాకా 200 కిలోమీటర్ల పైన సొంత రైలుమార్గం వేశారు. 1907లో మొదలైంది. విడ్డూరం ఏమిటంటే ఆ పక్కనే మామూలు ప్రయాణికుల రైలు మార్గం అప్పటికే ఉంది. రెండు లైన్లు పక్కపక్కనే కొండ దిగుతాయి, ఒకటి అచ్చంగా ఖనిజం కోసం. ఉక్కు కొలుములు పెట్టింది సగుంతోలో. ఇనుము వెనకాలే గనివాళ్ళ కొడుకులు కూడా దిగిపోయారు. గనులు 1987లో మూతపడ్డాయి. ఆ రైలుదారి ఇప్పుడు సైకిళ్ళ బాట, స్పెయిన్‌లో పొడవైన సైకిల్ బాటల్లో ఒకటి.

మరి ప్రావిన్స్ లోపలి ఊళ్ళని కలిపే రైలు సంగతి? తెరుయెల్ నుంచి అల్కన్యీస్‌కి లైను వేస్తామని 1920ల్లో పని మొదలుపెట్టారు. సొరంగాలు తవ్వారు, వంతెనలు కట్టారు, స్టేషన్లు కూడా కట్టేశారు. 1930ల్లో పని ఆగింది. పట్టాలు వేయనే లేదు. ఒక్క రైలూ ఎక్కని స్టేషన్లు గడ్డి మొలిచి ఇప్పటికీ ఉన్నాయి. మన దగ్గర శంకుస్థాపన రాళ్ళు చూసి విసుగు పుట్టినవాళ్ళకి ఇది కొంచెం ఊరట.

బొగ్గుది కూడా దాదాపు అదే దారి. అందోర్రా అనే ఊరుంది, ఫ్రాన్స్ సరిహద్దులో ఉన్న బుల్లి దేశం కాదు, పేరొక్కటే. దాని దగ్గర 1979లో పెద్ద థర్మల్ కేంద్రం మొదలైంది, 1,100 మెగావాట్లు. 343 మీటర్ల పొగగొట్టం చాలా దూరం నుంచే కనిపించేది. గనులు, ప్లాంటు కలిసి వేల ఇళ్ళకి అన్నం పెట్టాయి. 2020 జూన్‌లో మూసేశారు. వాతావరణ మార్పు కారణాలు సరైనవే, నేను కాదనను. 2022లో కూలింగ్ టవర్లని, మరుసటి ఏడు పొగగొట్టాన్ని పేల్చి పడగొట్టారు. ఇప్పుడు ఆ స్థానంలో సోలార్, గాలిమరలు వస్తున్నాయి. మాయెస్త్రాస్గో కొండల్లో భారీ గాలిమరల ప్రాజెక్టులు రావడంతో ఊళ్ళు రెండుగా చీలాయి. భూమి లీజుకిచ్చినవాడికి ఏటా డబ్బొస్తుంది. పర్యాటకుల్ని నమ్ముకుని ఇల్లు బాగుచేసుకున్నవాడికి ఎదురుగా కొండనిండా రెక్కలు తిరుగుతుంటాయి. కరెంటు మాత్రం మళ్ళీ నగరాలకే. ‘రెన్యూవబుల్స్ కావాలి, కానీ ఇలా కాదు’ అని వాళ్ళ నినాదం. అనంతపురంలో గాలిమరల కింద బతుకుతున్న మీకు దాన్ని విడమరచి చెప్పనక్కర్లేదు.

ఇదంతా పేరుకుపోయి 1999లో తెరుయెల్ ఎక్సిస్తే పుట్టింది. రోడ్డు, రైలు, ఆసుపత్రి, ఇవే అడిగారు. ఆ తర్వాత తొమ్మిదేళ్ళకి జరగోజా నుంచి సగుంతో దాకా హైవే పూర్తయింది. 2019 మార్చి 31న ఇలాంటి ప్రావిన్సుల వాళ్ళంతా మాడ్రిడ్ వీధుల్లో పెద్ద ఊరేగింపు తీశారు. ఆ నవంబరు ఎన్నికల్లో ఉద్యమమే పోటీకి దిగి, తమ ప్రావిన్స్‌లో పెద్ద పార్టీలన్నిటినీ వెనక్కి నెట్టి, తొమాస్ గితార్తే అనే ఒక ఎంపీని గెలిపించుకుంది. 2020 జనవరి 7న పెద్రో సాంచెస్ ప్రధాని అయింది 167కి 165 ఓట్లతో. లెక్క చూసుకోండి, గితార్తే అటు తిరిగి ఉంటే 166, 166. చదరపు కిలోమీటరుకి 9 మంది ఉన్న చోటి నుంచి వచ్చిన ఒక్క ఓటు మీద దేశం ఆగింది. ఆయనకి బెదిరింపులు కూడా వచ్చాయి. 2023లో ఆ సీటు పోయింది.

ఇక్కడొక చిక్కు ప్రశ్న ఉంది. తెరుయెల్‌కి పార్లమెంటు కింది సభలో 3 సీట్లు. అంటే 45 వేల మందికి ఒక సీటు. మాడ్రిడ్‌కి 37, అక్కడ లక్షా ఎనభై వేల మందికి ఒకటి. అన్యాయం అని మాడ్రిడ్ వాళ్ళంటారు. ఓటు బరువు నాలుగింతలున్నా రైలు రాలేదు కదా అని వీళ్ళంటారు. నాకు వీళ్ళ మాటే సబబు అనిపిస్తుంది. జనం తక్కువైన కొద్దీ సీట్లు తగ్గిస్తూ పోతే ఇక అడిగేవాడే ఉండడు. మన దగ్గర నియోజకవర్గాల పునర్విభజన గురించి మాట్లాడుకునేటప్పుడు ఇది పనికొస్తుంది.

ఏడుపు కథే చెబుతున్నానని అనుకోకండి. ఆ చలినే, ఆ ఖాళీనే డబ్బు చేసుకున్న తెలివి కూడా అక్కడుంది. తెరుయెల్ హమోన్, అంటే ఉప్పులో ఊరబెట్టి, ఎత్తైన చోట పొడి చల్లగాలిలో ఏడాదికి పైగా ఆరబెట్టిన పంది తొడ. 1984లో దానికి ప్రాంతీయ పేరు రక్షణ దొరికింది, స్పెయిన్‌లో హమోన్‌కి అదే మొదటిది.

హిలోకా లోయలో కుంకుమపువ్వు ఉంది. అక్టోబరు చివర్లో తెల్లవారకముందే, పువ్వు ఇంకా పూర్తిగా విప్పుకోకముందే కోసుకొస్తారు. ఆ ఊదారంగు పూల గుట్ట బల్ల మీద పోసుకుని ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుంటారు. పువ్వుకి మూడే మూడు ఎర్ర పోగులు. వేలి గోటితో రెక్కలు విడదీసి ఆ మూడూ లాగి పక్కన పెట్టడమే పని. కిలోకి లక్షన్నర, రెండు లక్షల పూలు కావాలి. తర్వాత సన్నటి సెగ మీద ఆరబెడతారు. వెనకటికి ఆ పోగుల్ని గుడ్డలో చుట్టి పెట్టెలో దాచుకునేవారు, పెళ్ళికో జబ్బుకో డబ్బు కావాలంటే కొంచెం తీసి అమ్మేవారు. మనవాళ్ళ బంగారం లాగా.

అన్నిటికన్నా ఆసక్తికరమైనది సర్రియోన్ చుట్టుపక్కల పండే నల్ల ట్రఫుల్. భూమిలో ఓక్ చెట్టు వేరుని అంటుకుని పెరిగే ఒక పుట్టగొడుగు. నల్లటి బంగాళాదుంపలా ఉంటుంది, ధర మాత్రం కిలో వందల యూరోలు. ఇదివరకు అడవిలో దొరికింది ఏరుకుని ఫ్రెంచ్ వ్యాపారులకి అమ్మేసేవారు. తర్వాత నర్సరీలో ఓక్ మొక్క వేళ్ళకే ఆ శిలీంధ్రం ఎక్కించి పొలంలో నాటడం నేర్చుకున్నారు. మిగతా పంటలకి పనికిరాని సున్నపురాతి నేల దీనికి సరిగ్గా సరిపోయింది. నాటాక ఎనిమిది, పదేళ్ళు ఆగాలి. ఆ తర్వాత చలికాలంలో శిక్షణ ఇచ్చిన కుక్కని పట్టుకుని తోటలో తిరిగితే, అది వాసన పట్టి ఒకచోట కాలితో గీకుతుంది. యజమాని మోకాళ్ళ మీద కూర్చుని చిన్న చురకత్తితో మట్టి తీసి, ట్రఫుల్ జేబులో వేసుకుని, కుక్క నోట్లో ఒక బిస్కట్ పెడతాడు. ఈ పంట పుణ్యాన గూదార్-హవలాంబ్రే ప్రాంతంలో కుర్రాళ్ళు తిరిగి ఊళ్ళకొచ్చారు. ప్రపంచంలోనే పెద్ద ట్రఫుల్ సాగు ప్రాంతం ఇప్పుడు అదే.

జనం లేకపోతే దీపాలుండవు, దీపాలు లేకపోతే చుక్కలు బాగా కనిపిస్తాయి. అందుకే హవలాంబ్రే కొండల్లో దాదాపు 1,950 మీటర్ల ఎత్తున ఖగోళ పరిశోధన కేంద్రం పెట్టారు. గాలిలో తేమ తక్కువ, స్థలం బోలెడు కాబట్టి 2013 నుంచి తెరుయెల్ విమానాశ్రయం విమానాలకి పార్కింగ్ షెడ్డు అయింది. అక్కడ ప్రయాణికులు ఎక్కరు, దిగరు. కరోనా రోజుల్లో యూరప్ కంపెనీల పెద్ద పెద్ద విమానాలన్నీ వరసగా అక్కడే నిలబడ్డాయి.

పండగల దగ్గరికి వస్తే కలందా డప్పులు. సినిమా దర్శకుడు లూయిస్ బున్యుయెల్ 1900లో పుట్టిన ఊరు అది. గుడ్ ఫ్రైడే రోజు మిట్టమధ్యాహ్నం ఊరి కూడలిలో వేలమంది ఊదారంగు అంగీలు వేసుకుని, డోళ్ళు పట్టుకుని కదలకుండా నిలబడతారు. పన్నెండు కాగానే ఒక్కసారిగా దెబ్బ. అక్కడి నుంచి మర్నాడు మధ్యాహ్నం దాకా ఆ మోత ఆగదు. చేతులు చిట్లి డోలు చర్మం మీద రక్తపు మరకలు పడతాయి. అవి ఉండటమే గొప్ప. బున్యుయెల్ ఎంత నాస్తికుడైనా ఆ చప్పుడు మాత్రం వదల్లేకపోయాడు, తన సినిమాల్లోనూ వాడుకున్నాడు.

చివరిగా మళ్ళీ జనం లెక్క. ఆగస్టులో తెరుయెల్ పల్లెలకి వెళితే ఈ అంకెలన్నీ అబద్ధం అనిపిస్తుంది. బార్సిలోనా, వాలెన్సియాలో స్థిరపడ్డవాళ్ళు పిల్లాజెల్లాతో దిగుతారు, తాతల ఇళ్ళ తలుపులు తెరుచుకుంటాయి, ఊరికి పదింతలు జనం. సెప్టెంబరు వచ్చేసరికి ఎవరి దారి వాళ్ళది. చలికాలం ఊళ్ళో మిగిలేవాళ్ళ కోసం ‘మల్టీసెర్వీసియో’ అని ఒక పద్ధతి పెట్టారు. పంచాయతీ బిల్డింగ్ ఒకటి, అందులోనే కిరాణా కొట్టు, కాఫీ బార్, రెండు గదుల లాడ్జి. ఒక్కో వ్యాపారం విడిగా నిలబడదు కాబట్టి మూడూ కలిపి ఒక కుటుంబానికి అప్పగిస్తారు. బడులకీ అదే ఉపాయం, నాలుగైదు ఊళ్ళకి కలిపి ఒకే స్కూలు, ఊరూరికీ తిరిగేది పిల్లలు కాదు, టీచర్లు.

అగ్వావీవా అనే ఊళ్ళో మేయర్ లూయిస్ బ్రిసియో 2000లో ఇంకో ప్రయత్నం చేశాడు. చిన్నపిల్లలున్న కుటుంబాలు వస్తే ఇల్లు, పని చూపిస్తాం, అయిదేళ్ళు ఉండాలి అని అర్జెంటీనా వాళ్ళని పిలిచాడు. తర్వాత రుమేనియా వాళ్ళనీ పిలిచాడు. కొందరు నిలదొక్కుకున్నారు, కొందరు గడువయ్యాక నగరాలకి వెళ్ళిపోయారు. పథకం ఓడిపోయిందని కొందరు రాశారు. ఆ నాలుగు రోజులైనా బడి మూతపడకుండా నిలబడింది కదా, అది లెక్కలోకి రాదా? ఈ పాతికేళ్ళలో ప్రావిన్స్ జనాభా పూర్తిగా కుప్పకూలకుండా ఆగిందంటే ముఖ్యంగా మొరాకో, రుమేనియా, లాటిన్ అమెరికా నుంచి వచ్చినవాళ్ళ వల్లే. పందుల ఫారాల్లో, హమోన్ కార్ఖానాల్లో, ముసలివాళ్ళని చూసుకునే ఇళ్ళలో పనిచేసేది ఎక్కువగా వాళ్ళే.

టైమ్ అయిపోయిందని నిర్వాహకులు చేతులూపుతున్నారు. మీలో ఎవరికైనా ఎప్పుడైనా అక్కడికి వెళ్ళాలనిపిస్తే ఒక్క సలహా ఇచ్చి దిగిపోతాను. మాడ్రిడ్‌లో దిగి తెరుయెల్ రైలు కోసం వెతక్కండి. నేరుగా వెళ్ళే రైలు ఇప్పటికీ లేదు. బస్సెక్కండి. స్వెటర్ పెట్టుకోండి, జూన్ అయినా సరే. ఇక ప్రశ్నలడగండి.